ఘర్షణ లేదనుకోని ఫిజిక్స్

అమెరికా కాలేజీల్లో ప్రాథమిక ఫిజిక్స్ రెండు దారుల్లో నడుస్తుంది. ఇంజినీరింగ్ వాళ్ళకూ, ఫిజిక్సే ప్రధానంగా తీసుకున్నవాళ్ళకూ కాలిక్యులస్‌తో కూడిన కోర్సు ఒకటి. బయాలజీ, వైద్యం, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ఆప్టోమెట్రీ వైపు వెళ్ళేవాళ్ళకు బీజగణితం, కొంచెం త్రికోణమితితో సరిపెట్టే కోర్సు మరొకటి. ఈ రెండోది సాధారణంగా రెండు సెమిస్టర్లు ఉంటుంది. మొదటి దాంట్లో చలనం, బలాలు, శక్తి, ద్రవాలు, ఉష్ణం వస్తాయి. రెండో దాంట్లో విద్యుత్తు, అయస్కాంతత్వం, కాంతి, చివర్లో పరమాణు కేంద్రకం. ఆ తరగతిలో కూర్చునేవాళ్ళలో చాలామంది ఫిజిక్స్ మీద మోజుతో వచ్చినవాళ్ళు కారు. మెడికల్ కాలేజీ గడప తొక్కాలంటే ఇది తప్పదని వచ్చినవాళ్ళు. ఆ నియమానికి నూరేళ్ళు దాటాయి. అమెరికా, కెనడాల వైద్యవిద్యను పరిశీలించి అబ్రహాం ఫ్లెక్స్‌నర్ 1910లో ఇచ్చిన నివేదిక, వైద్యం చదవబోయేవారికి కెమిస్ట్రీ, బయాలజీలతో పాటు ఫిజిక్స్ కూడా ముందే వచ్చి ఉండాలని గట్టిగా చెప్పింది.

ఎలాంటి ఫిజిక్స్ అన్నది మాత్రం చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇంజినీర్ల సిలబస్ తీసుకుని అందులోంచి కాలిక్యులస్‌ను కత్తిరించేవారు. మిగిలింది డాక్టర్ల ఫిజిక్స్ అయ్యేది. వాలుతలం మీద జారే చెక్కదిమ్మ, కప్పీకి వేలాడే బరువులు, ఫిరంగి గుండు, భూమి చుట్టూ ఉపగ్రహం. ప్రతి లెక్క పక్కనా ఒక షరతు: ఘర్షణ లేదనుకుందాం, గాలి నిరోధం లేదనుకుందాం. రక్తప్రసరణకు ఆధారమైన ద్రవాల పాఠం సెమిస్టరు చివర, పరీక్షల హడావుడిలో తూతూమంత్రంగా ముగిసేది. ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్ రక్తంలోకి ఎలా చేరుతుందో చెప్పే వ్యాపనం చాలా పాఠ్యపుస్తకాల్లో ఒకటి రెండు పేజీల్లో సర్దుకునేది.

ఘర్షణను పక్కన పెట్టడం తప్పేమీ కాదు. గెలీలియో నుంచి న్యూటన్ దాకా ఆ శాస్త్రం ఎదిగిందే అలా. గ్రహాలు తిరిగే అంతరిక్షంలో ఘర్షణ నిజంగానే లేనట్టు లెక్క. అయితే కణం లోపల, రక్తనాళంలో, చెవిలో, మట్టిలోని వేరు చివర జరిగేదంతా ఘర్షణ మధ్యనే, ద్రవాల్లోనే, అణువుల అడ్డదిడ్డపు కదలికల్లోనే జరుగుతుంది. పాత కోర్సు సులువు కోసం వదిలేసిన వాటి జాబితా రాస్తే, జీవశాస్త్ర విద్యార్థికి అవసరమైన పాఠాల జాబితా దాదాపు అదే అవుతుంది.

ఈ సంగతి గట్టిగా వినబడటం 2003 నుంచి. ఆ ఏడాది అమెరికా జాతీయ పరిశోధన మండలి ‘బయో 2010’ పేరుతో నివేదిక వెలువరించి, జీవశాస్త్ర విద్యార్థులకు భౌతిక, గణిత శాస్త్రాలు నేర్పే తీరు మారాలంది. 2009లో అమెరికా వైద్య కళాశాలల సంఘం, హోవర్డ్ హ్యూస్ వైద్య సంస్థ కలిసి మరో నివేదిక తెచ్చాయి. ఫలానా కోర్సు పూర్తిచేశాడా అని కాకుండా, విద్యార్థికి ఏం చేతనయిందో చూడాలన్నది దాని సారాంశం. 2015లో మెడికల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌ను తిరగరాసినప్పుడు జీవవ్యవస్థల రసాయన, భౌతిక పునాదుల పేరుతో ఒక విభాగం వచ్చింది. అందులో సుమారు నాలుగో వంతు ఫిజిక్స్, అదీ ఎక్కువగా శరీరానికి ముడిపెట్టి. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ రెడిష్ బృందం ‘నెక్సస్ ఫిజిక్స్’ పేరుతో కోర్సును మొదటి నుంచీ కొత్తగా అల్లింది. స్వార్త్‌మోర్ లాంటి చిన్న కాలేజీలూ ఆ బాట పట్టాయి. అన్నిచోట్లా మారిందని కాదు. ఇప్పటికీ ఎన్నో కాలేజీల్లో చెక్కదిమ్మ జారుతూనే ఉంది.

కొత్త పద్ధతిలో మొదట వచ్చేది పరిమాణం గురించిన పాఠం. జంతువు పొడవు, వెడల్పు, ఎత్తు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది, ఎముక అడ్డుకోత వైశాల్యం మాత్రం నాలుగు రెట్లే పెరుగుతుంది. కాబట్టి ఏనుగు కాలు జింక కాలికి పెద్ద అచ్చులా ఉంటే ఆ బరువు మోయలేదు, ఎముక ఇంకా లావెక్కాలి. గెలీలియో 1638 నాటి పుస్తకంలో ఈ విషయాన్ని ఎముక బొమ్మ గీసి మరీ చూపించాడు. అదే తర్కాన్ని జె.బి.ఎస్. హాల్డేన్ 1926లో ఒక చిన్న వ్యాసంలో చీమ నుంచి తిమింగలం దాకా నడిపించాడు. నేటికీ ఈ కోర్సుల్లో విద్యార్థుల చేత చదివించే రచన అది. హాల్డేన్ ఆ తర్వాత భారతదేశం వచ్చి స్థిరపడి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు. జంతువుల ఎముకల లెక్కలు చెప్పిన మనిషి ఎముకలు తెలుగు వైద్య విద్యార్థుల ముందుకు వచ్చాయన్నమాట.

పరిమాణం మారితే బలాలే కాదు, చలనసూత్రాల తీరే మారినట్టుంటుంది. ఈ విషయం మీద అందరూ ముందుగా చెప్పే పేరు ఎడ్వర్డ్ పర్సెల్. అయస్కాంత అనునాదం మీద కృషికి 1952లో నోబెల్ అందుకున్న వాడు. నేటి ఎమ్మారై స్కానింగ్‌కు ఆ కృషే మూలం. ఆయన ఇచ్చిన ఒక ప్రసంగం 1977లో అచ్చయింది. ఈదుతున్న బాక్టీరియా ఈత ఆపేస్తే ఇంకా ఎంత దూరం పోతుంది అన్నది అందులో ఒక ప్రశ్న. మనిషైతే ఈత ఆపాక కూడా కొంత దూరం పోతాడు. బాక్టీరియా మైక్రోసెకను గడవకముందే ఆగిపోతుంది. ఆ లోపు అది జరిగే దూరం ఒక పరమాణువు వెడల్పులో పదో వంతు. మనకు ముదురు పాకం ఎలా తగులుతుందో దానికి నీళ్ళు అలా తగులుతాయి. జడత్వానికి అక్కడ పనే లేదు, తోసినంతసేపే కదలిక. ఆల్చిప్పలా ఒక కీలును తెరిచి మూసి ముందుకు పోదామనుకుంటే కుదరదు. తెరిచినప్పుడు పోయిన దూరమంతా మూసినప్పుడు వెనక్కి వచ్చేస్తుంది. బాక్టీరియా తన తోకలాంటి కశాభాన్ని మరసీలలా గిరగిర తిప్పడం అందుకే. జీవశాస్త్రం పుస్తకంలో ఊరికే బొమ్మగా కనిపించే కశాభానికి ఆ ఆకారమే ఎందుకుండాలో ఇక్కడ తేలుతుంది.

కణం లోపల తోసేవాడు లేకుండానే జరిగే ప్రయాణం వ్యాపనం. రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త 1827లో పుప్పొడి రేణువుల నుంచి వచ్చిన సూక్ష్మకణాలు నీళ్ళలో నిలకడ లేకుండా కదలడం చూశాడు. అడాల్ఫ్ ఫిక్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1855లో వ్యాపనానికి సూత్రం రాశాడు. ఐన్‌స్టీన్ 1905లో ఆ రెంటి వెనకా అణువుల తాకిడి ఉందని లెక్కగట్టాడు. విద్యార్థి గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: వ్యాపనానికి పట్టే సమయం దూరంతో కాదు, దూరం వర్గంతో పెరుగుతుంది. నీటిలో ఆక్సిజన్ అణువు ఒక కణం వెడల్పు, అంటే 10 మైక్రోమీటర్లు, దాటడానికి సెకనులో నలభయ్యో వంతు చాలు. మిల్లీమీటరుకు నాలుగు నిమిషాలు. సెంటీమీటరుకు దాదాపు ఏడు గంటలు. మీటరుకు సుమారు ఎనిమిదేళ్ళు.

ఈ నాలుగు అంకెలు చేతిలో ఉంటే శరీర నిర్మాణంలో సగం విషయాలు వాటంతట అవే విడిపోతాయి. ఊపిరితిత్తుల్లోని వాయుగోణికీ రక్తానికీ మధ్య గోడ మైక్రోమీటరు కంటే పలచన ఎందుకో, దాదాపు ఏ కణమూ రక్తకేశనాళికకు మిల్లీమీటరులో చిన్న భాగం కంటే దూరంగా ఎందుకుండదో, గుండె అనే పంపు అసలు ఎందుకు కావలసి వచ్చిందో. వెన్నెముక నుంచి పాదం దాకా మీటరు పొడవుండే నరకణంలో సామగ్రి వ్యాపనానికి వదిలేస్తే ఏళ్ళు పడుతుంది. కణం లోపల పట్టాల్లాంటి సూక్ష్మనాళికల మీద ప్రోటీన్ మోటార్లు దాన్ని మోసుకెళ్ళి, రోజుకు 200 నుంచి 400 మిల్లీమీటర్లు జరుపుతాయి. కొత్త కోర్సుల ప్రయోగశాలలో చెక్కదిమ్మ బదులు మైక్రోస్కోపు ఉంటుంది. నీళ్ళలోని సన్నటి పూసల కదలికను వీడియో తీసి, ఫ్రేము ఫ్రేముకూ స్థానం గుర్తించి, దూరం వర్గం సగటును సమయంతో గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖ వాలు నుంచి వ్యాపన గుణకం దొరుకుతుంది.

ద్రవాల పాఠంలో అందరికంటే ముందు రావలసిన మనిషి ఒక డాక్టరు. పారిస్‌లో వైద్యం చదివిన ప్వాజోయ్ 1828లో పాదరసం గొట్టంతో ధమనుల్లో రక్తపీడనం కొలిచాడు. తర్వాత సన్నటి గాజు గొట్టాల్లో నీటిని పారించి 1840 ప్రాంతంలో ప్రవాహ సూత్రం కనిపెట్టాడు. స్నిగ్ధతకు వాడే ‘పాయిజ్’ అనే ప్రమాణం ఆయన పేరు మీదే వచ్చింది. గొట్టం రెండు చివరల పీడనాల తేడా పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, పొడవు పెరిగితే తగ్గుతుంది. అసలు దెబ్బంతా వ్యాసార్థం దగ్గర ఉంది. ప్రవాహం వ్యాసార్థపు నాలుగో ఘాతంతో మారుతుంది. వ్యాసార్థం సగమైతే ప్రవాహం పదహారో వంతు. నాళం ఐదో వంతు ఇరుకైతేనే ప్రవాహం సగానికి కిందికి, 41 శాతానికి పడిపోతుంది. శరీరం ఏ అవయవానికి ఎంత రక్తం పంపాలో సన్నటి ధమనికల కండరాలను కొంచెం బిగించి, కొంచెం వదిలి నిర్ణయించగలగడానికి ఆ నాలుగో ఘాతమే కారణం.

ఈ పాఠం మొత్తాన్నీ ఆసుపత్రి మంచం పక్కన వేలాడే సెలైన్ బాటిల్ దగ్గర చూడొచ్చు. బాటిల్ చేతికంటే మీటరు ఎత్తున ఉంటే ఆ నీటి స్తంభం ఇచ్చే పీడనం 74 మిల్లీమీటర్ల పాదరసం. పడుకున్న మనిషి చేతి సిరలో పీడనం సాధారణంగా 10 చుట్టుపక్కలే, కాబట్టి సెలైన్ లోపలికి పోతుంది. రోగి బాత్రూముకు పోతూ బాటిల్‌ను చేత్తో కిందికి దించి పట్టుకుంటే గొట్టంలోకి రక్తం ఎదురొస్తుంది; పక్కనున్నవాళ్ళు నర్సును కేకేస్తారు. బాటిల్ పైకెత్తితే సర్దుకుంటుంది. చేతికి గుచ్చే కాన్యులాల రంగులకూ లెక్క ఉంది. పచ్చది 18 నంబరు, గులాబీది 20, నీలంది 22. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. తయారీదారుని బట్టి కొంచెం మారినా, పచ్చదాంట్లో నిమిషానికి 90 మిల్లీలీటర్ల దరిదాపుల్లో, నీలందాంట్లో 35 దరిదాపుల్లో పోతుంది. నాలుగో ఘాతం ప్రకారం తేడా ఇంకా ఎక్కువ రావాలి. రాకపోవడానికి కారణం వెతకడం మంచి హోంవర్కు. పచ్చదాని పొడవు 45 మిల్లీమీటర్లు, నీలందానిది 25. ఆ పొడవు కొంత ప్రవాహాన్ని తినేస్తుంది. వేగంగా పారేచోట ద్రవం పొరలు పొరలుగా సాగదు, సూత్రం అక్కడ పూర్తిగా వర్తించదు. పైగా బాటిల్ నుంచి వచ్చే పొడవాటి గొట్టానికీ తన వంతు నిరోధం ఉంది. ప్రమాదంలో రక్తం పోయిన మనిషికి పొట్టిగా, లావుగా ఉన్న కాన్యులా ఎందుకు వెతుకుతారో ఈ లెక్క చేసినవాడికి వేరే చెప్పక్కర్లేదు. రక్తపోటు కొలిచేటప్పుడు పట్టీ గుండె ఎత్తులో ఎందుకుండాలన్నదీ ఇక్కడి సంగతే. నిలబడ్డ మనిషి పాదంలోని ధమని పీడనం గుండె దగ్గరి కంటే సుమారు 90 మిల్లీమీటర్లు ఎక్కువ. అది గుండె చేసిందేమీ కాదు, రక్తపు స్తంభం బరువు.

తలతన్యతను పాత పుస్తకాలు నీటి మీద తేలే సూదితో ముగించేవి. నెలలు నిండని పసిబిడ్డ ఊపిరి దగ్గర అది ప్రాణం మీదికి వస్తుంది. వాయుగోణి లోపలి గోడ తడిగా ఉంటుంది. ఆ పొర మామూలు నీరైతే, 0.1 మిల్లీమీటరు వ్యాసార్థం ఉన్న గోణిని తెరిచి ఉంచడానికే సుమారు 14 సెంటీమీటర్ల నీటి పీడనం కావాలి. గోణి చిన్నదైనకొద్దీ అది ఇంకా పెరుగుతుంది. ఊపిరితిత్తులు స్రవించే సర్ఫాక్టెంట్ అనే పదార్థం తలతన్యతను తగ్గించి ఈ భారం తీస్తుంది. నెలలు నిండక పుట్టిన బిడ్డల్లో అది చాలినంత ఉండదని మేరీ ఎలెన్ ఏవరీ, జేరే మీడ్ 1959లో చూపించారు. 1963 ఆగస్టులో అధ్యక్షుడు కెనడీ కొడుకు పాట్రిక్ పుట్టిన రెండు రోజులకే ఈ లోపం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. సర్ఫాక్టెంట్‌ను బయటినుంచి ఇచ్చి బిడ్డలను బతికించిన ఫలితాలు జపాన్‌లో 1980లో వచ్చాయి.

శక్తి దగ్గరికి వచ్చేసరికి ఫిజిక్స్, బయాలజీ పంతుళ్ళు ఒకరికొకరు ఎదురు చెబుతారు. శక్తి నిత్యత్వాన్ని ముందుగా పసిగట్టిన వారిలో ఒకడైన రాబర్ట్ మేయర్ ఓడ డాక్టరు. 1840లో జావా చేరిన నావికుల సిరల రక్తం మామూలు కంటే ఎర్రగా ఉండటం చూసి, వేడి దేశంలో ఒళ్ళు వెచ్చగా ఉంచడానికి ఆక్సిజన్ తక్కువ ఖర్చవుతోందని ఊహించి, అక్కణ్ణుంచి వేడికీ పనికీ ఉన్న లెక్క దాకా పోయాడు. ఇంతవరకూ పేచీ లేదు. పేచీ కణాలు శక్తి కోసం వాడుకునే ఏటీపీ అనే అణువు దగ్గర. ఏటీపీ బంధంలో శక్తి దాగి ఉందనీ, బంధం తెగితే అది బయటపడుతుందనీ బయాలజీ తరగతి చెబుతుంది. ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి పెట్టాల్సిందేనని ఫిజిక్స్, కెమిస్ట్రీ తరగతులు చెబుతాయి. విద్యార్థి రెండు పరీక్షల్లో రెండు జవాబులు రాసి రెంటిలోనూ మార్కులు తెచ్చుకుంటాడు. నిజానికి ఏటీపీ నీటితో చర్య జరిపినప్పుడు తెగే బంధాలకు పెట్టిన శక్తి కంటే కొత్తగా ఏర్పడే బంధాల వల్ల, కొత్త అణువులను నీరు చుట్టుకోవడం వల్ల వచ్చే శక్తి ఎక్కువ. మిగులు కణానికి దక్కుతుంది. ఈ చిక్కును దాచకుండా తరగతిలోనే విప్పడం మేరీలాండ్ కోర్సు చేసిన మేలైన పనుల్లో ఒకటి.

రెండో సెమిస్టరు విషయాలు శరీరానికి సులువుగానే ముడిపడతాయి. కణత్వచం మందం సుమారు 5 నానోమీటర్లు, దానికి అటూ ఇటూ తేడా 70 మిల్లీవోల్టులు. భాగిస్తే మీటరుకు కోటీ నలభై లక్షల వోల్టుల క్షేత్రం వస్తుంది. మెరుపు పుట్టడానికి ముందు గాలి తట్టుకోగలిగేది మీటరుకు 30 లక్షల వోల్టులే. కెపాసిటర్ పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. మైనస్ రెండు కళ్ళద్దాలంటే, అవి లేకుండా అర మీటరు దాటినవేవీ స్పష్టంగా కనబడవని అర్థం. అల్ట్రాసౌండ్ తీసేముందు పొట్ట మీద జెల్ రాస్తారు, గాలి పొర ఏ కాస్త అడ్డున్నా శబ్దం దాదాపు మొత్తం చర్మం దగ్గరే వెనక్కి తిరుగుతుంది కాబట్టి. పల్స్ ఆక్సీమీటరు రెండు రంగుల కాంతితో పనిచేస్తుంది: ఎరుపు 660 నానోమీటర్లు, పరారుణం 940. దాని వెనకున్న ఆలోచన జపాన్ ఇంజినీర్ టకువో అయోయాగిది, 1970ల నాటిది.

కోర్సును ఇలా మార్చడంలో ఒక మోసం కూడా జరుగుతుంది. చెక్కదిమ్మను తీసేసి ఆ చోట చిరుతపులిని పెట్టి, మిగతా లెక్కంతా అలాగే ఉంచడం. చిరుత ఎంత త్వరణంతో పరిగెత్తిందో కనుక్కున్నంత మాత్రాన జంతువు గురించి తెలిసిందేమీ ఉండదు. అక్కడ పులి బొమ్మ మాత్రమే ఉంది. లెక్క చేశాక జీవి గురించి ముందు తెలియనిదేదో తెలియాలి. మోచేయి ఉదాహరణ దానికి నిలుస్తుంది: అరచేతిలో 5 కిలోల బరువు పట్టుకుంటే కండ లాగాల్సింది సుమారు 35 కిలోల బలంతో, ఎందుకంటే బరువు కీలుకు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంది, కండ అతుక్కున్న చోటు 5 సెంటీమీటర్లలోనే ఉంది. బలం నష్టపోయి వేగం సంపాదించే ఏర్పాటు అది.

గణితం సంగతీ చెప్పుకోవాలి. బీజగణితంతో సరిపెట్టడం వల్ల కోర్సు తేలికవుతుందన్నది భ్రమ. జీవశాస్త్రానికి కావాల్సింది సమాకలనాల కంటే ఘాతాలు, లాగరిథమ్‌లు, నిష్పత్తులు, సుమారు అంచనాలు, చిందరవందర కొలతల నుంచి అర్థం లాగడం. ఇవి నేర్పడం వాలుతలం లెక్క నేర్పడం కంటే కష్టం. ఇక బోధించేవాళ్ళు ఫిజిక్స్ చదివినవాళ్ళు; చాలామందికి బయాలజీ బడి రోజులతో ఆగిపోయింది. తరగతిలో విద్యార్థికి తమకంటే ఎక్కువ తెలిసిన సందర్భాలు వస్తాయి. దానికి సిద్ధపడని ఉపాధ్యాయుడి చేతిలో ఎంత మంచి సిలబసైనా పాత దారే పడుతుంది. కొందరి అభ్యంతరం ఇంకోటి: ప్రక్షేపకాలు, భ్రమణ చలనం వదిలేస్తే ఫిజిక్స్ మిగులుతుందా అని. అన్నీ వదలమని ఎవరూ అనలేదు. న్యూటన్ సూత్రాలు లేకుండా ప్వాజోయ్ కూడా లేడు. రెండు సెమిస్టర్ల సమయంలో దేనికెన్ని వారాలన్నదే తేల్చుకోవాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చ ఇంకా మొదలు కాలేదు. ఇక్కడి ఏర్పాటు వేరు. వైద్యం చదవబోయేవారు ఇంటర్మీడియట్‌లో బైపీసీ తీసుకుంటారు. వారిలో కొందరికైనా అది లెక్కల బెడద తప్పించుకునే దారి. లెక్కలు మాత్రం ఫిజిక్స్ పుస్తకంలోంచి ఎదురొస్తాయి. ఎంపీసీ వాళ్ళు చదివిన పాఠాలే వీళ్ళకూ: అదే వాలుతలం, అదే ప్రక్షేపకం. నీట్‌లో 180 ప్రశ్నలకు 45 ఫిజిక్స్. బయాలజీలో అందరికీ మార్కులు బాగానే వస్తాయి కాబట్టి ర్యాంకు తేల్చేది ఈ 45 ప్రశ్నలేనని కోచింగ్ సెంటర్లు పోరుపెడతాయి. ఎంబీబీఎస్‌లో చేరిన రోజుతో ఫిజిక్స్ పేరు గల సబ్జెక్టు మాయమవుతుంది. మొదటి ఏడు అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ వస్తాయి. రక్తప్రసరణ, శ్వాస, నరాల సంకేతాలు చెప్పే ఫిజియాలజీలో ప్వాజోయ్, వాయుగోణి పీడన సూత్రానికి పేరైన లాప్లాస్, ఫిక్ అందరూ ఉంటారు, కాకపోతే బట్టీపట్టాల్సిన సూత్రాలుగా. రేడియాలజీ పీజీలో చేరినవాళ్ళు రేడియేషన్ ఫిజిక్స్‌ను కొత్తగా మొదలుపెట్టాల్సి వస్తుంది. అనెస్థీషియా పీజీ వాళ్ళు మత్తు యంత్రం దగ్గర వాయు నియమాలు, సిలిండర్ల పీడనాలు, గాజు గొట్టంలో బిరడా బొంగరంలా తిరిగే ఫ్లోమీటర్లు, గొట్టాల్లో ప్రవాహం మళ్ళీ చదువుతారు. నీట్ రాసి అప్పటికి ఆరేడేళ్ళు దాటి ఉంటుంది.